ఆయన చెప్పని మాటకు నా తర్జుమా

దయ్యాల మాట ఎత్తితే మా నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయేవారు. సండే స్కూల్లో, సంఘంలో పెరిగిన నేనూ అంతే. ఏనాడూ నమ్మలేదు. అందుకే ఈ సంగతి విని "నిన్నేదో ఆత్మ పట్టింది" అని తేల్చేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇంటర్నెట్ కంపెనీలు వారానికొకటి తెరుస్తున్న రోజులవి. సింగపూర్‌లో పాయా లేబర్ దగ్గర ఒక వార్తల వెబ్‌సైట్ కంపెనీలో నేను ప్రోగ్రామర్ని. కొత్త రిపోర్టర్లకు వార్త రాయడం నేర్పడానికి మా కంపెనీ డెన్నిస్ గారనే పెద్దాయనను పెట్టుకుంది. ఆయన అమెరికాలో సగం జీవితం రాజకీయ వార్తలు రాసిన మనిషి. ఎన్నికల ప్రచారాల వెంట బస్సుల్లో తిరిగి, గవర్నర్లను నిలదీసి పేరు తెచ్చుకున్నారు.

ఒకసారి ఒక పెద్ద నాయకుడి లంచాల సంగతి రాశారు. నీకెవరు చెప్పారో పేరు చెప్పమని ఆయన పనిచేసే పత్రికే అడిగింది. చెప్పనని మాటిచ్చానన్నారు. వార్త కల్పించాడని అదే పత్రిక అచ్చువేసి ఆయనను పంపించేసింది. మాట నిలబెట్టుకున్నందుకు అబద్ధాలకోరన్న ముద్ర! ఆ నాయకుడు మాత్రం హాయిగా మళ్ళీ గెలిచాడు.

డెన్నిస్ గారు ప్రార్థనాపరులు. సెరంగూన్‌లో ఒక అద్దె హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు జరిగే మా తెలుగు ఆరాధనకు, సాక్ష్యం చెప్పమని, అంటే దేవుడు తన జీవితంలో ఎలా నడిపించాడో పంచుకోమని నేనే పిలిచాను. ఇంగ్లీషులో ఎవరు మాట్లాడినా పక్కన నిలబడి వాక్యం వెంట వాక్యం తర్జుమా చేసేది నేనే. ఆ పనిలో ఆలోచించడానికి తీరిక ఉండదు. చెవిన పడింది నోట్లోంచి వెళ్ళిపోతుంది. డ్యూటీల వల్ల రాలేనివాళ్ళ కోసం ఆరాధన మొత్తం క్యాసెట్‌లో రికార్డు చేసేవాళ్ళం.

సాక్ష్యం బాగా జరిగింది. తర్వాత టీ తాగుతుంటే సరోజినమ్మ ఆంటీ మా దగ్గరకు వచ్చారు. కూతురి ఇంట్లో ఉంటున్న నరసాపురం ఆవిడ. ఇంగ్లీషు ముక్క రాదు.

"పాపం ఆ టైపు కొట్టే పిల్ల, కడుపుతో ఉందన్నారు కదా బాబూ. తరవాత దానికేం ఇబ్బంది రాలేదు కదా? ఓసారి అడుగు."

అడిగాను. డెన్నిస్ గారు కప్పు బల్ల మీద పెట్టేశారు.

"ఏ అమ్మాయి?"

"మీరే చెప్పారు కదండీ. ఆ నాయకుడి ఆఫీసులో టైపిస్టు, చర్చిలో వెనక బెంచీ మీద కూర్చుని ఏడుస్తూ మీకు సంగతంతా చెప్పిందని."

ఆయన మొహం పాలిపోయింది. "నేను చెప్పలేదు. నా భార్యకు కూడా ఎప్పుడూ చెప్పలేదు."

ఆ స్త్రీ వివరాలు ఇక్కడ మార్చి రాశాను. అసలువి రాయను.

మా సంఘ పెద్ద ప్రభుదాస్ అంకుల్ క్యాసెట్ వెనక్కి తిప్పి వినిపించారు. ముందు డెన్నిస్ గారి గొంతు: మాటిచ్చాను, నిలబెట్టుకున్నాను. అంతే. ఆ వెంటనే నా గొంతు. ఆ అమ్మాయి, ఆ కడుపు, ఆ బెంచీ, ఆ ఏడుపు. ఎక్కడా తడబడలేదు.

కానీ అవన్నీ నేను ఇంగ్లీషులో విన్నాను. నా పక్క నుంచే, ఆయన గొంతుతోనే విన్నాను.

"నువ్వు విడమర్చి చెప్తున్నావనుకున్నాన్రా," అన్నారు అంకుల్. "ఆఫీసులో ఎప్పుడో నీతో అనుంటాడులే. ఏదైతేనేం, ఆయన నిర్దోషని దేవుడే బయటపెట్టించాడు. మీ వెబ్‌సైట్లో పెట్టెయ్. పేరు క్లియర్ అయిపోద్ది."

అంకుల్ అన్నది డెన్నిస్ గారికి ఇంగ్లీషులో చెప్పాను. ఆమె ఇంకా ఆ ఊళ్ళోనే, ఆ నాయకుడి మనుషుల మధ్యే బతుకుతోందని, తెలిస్తే ఆమెను బతకనివ్వరని ఆయన అన్నారు.

సంఘ పెద్ద మీద నేను గొంతు పెంచడం అదే మొదటిసారి. "ఉద్యోగం పోగొట్టుకుని ఆయన కాపాడిన మనిషిని, మనం టీ తాగుతూ బజారున పడేస్తామా అంకుల్?"



డెన్నిస్ గారు అందరినీ మళ్ళీ కూర్చోమన్నారు. నన్ను పక్కన నిలబడమన్నారు. నోరు తెరవాలంటే భయమేసింది. ఈసారి ఇంకేం కలుస్తుందో! అంకుల్‌ను ఎదురుగా నిలబెట్టి, ఒక్క ముక్క ఎక్కువైనా ఆపమన్నాను.

"ఆమెకు నేనిచ్చిన మాట ఇప్పుడు మీ చేతుల్లో కూడా ఉంది. దయచేసి నిలబెట్టండి." ఆయన అన్నది అంతే. నేను చెప్పిందీ అంతే.

మాటిస్తున్నట్టు ముందుగా సరోజినమ్మ ఆంటీ లేచి నిలబడ్డారు. తర్వాత ఒక్కొక్కరుగా అందరూ లేచారు. అంకుల్ క్యాసెట్ తీసి డెన్నిస్ గారి చేతిలో పెట్టారు. ఆయన అక్కడే దాని టేపంతా బయటకు లాగేశారు.

డెన్నిస్ గారు పోయినప్పుడు ఆ పత్రిక ఆయన గురించి నాలుగు ముక్కలు రాసింది. అందులోనూ వార్త కల్పించిన విలేఖరి అనే రాసింది. ఆ హాల్లో కూర్చున్న మాకందరికీ నిజం తెలుసు. పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాం.

దేవుడే నీతో పలికించాడని ఇప్పటికీ కొందరంటారు. నమ్మకంగా నిలిచిన మనిషి మాటను వమ్ము చేయడం నేను కొలిచే దేవుడి పని కాదు. సైతానంటారు ఇంకొందరు. నేను వాగిన ప్రతి మాటా నిజం కదా, సైతానుకు నిజంతో ఏం పని? రెండు జవాబులూ నాకు వద్దు. ఆ ఇంగ్లీషు మాటలు నేను నా చెవులతో విన్నాను. అన్నదెవరో నాకు తెలియదు.