వన్ బై టూ

బావ ఉమ్ముతో తడిసిన సిగరెట్‌ను పదకొండేళ్లు తాగాను. చెరి సగమే కాబట్టి అప్పట్లో మా దృష్టిలో అది పథ్యం.

బావ అంటే మా అక్క భర్త. మాది కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డ కుటుంబం, ఆయనది బొల్లారం. ఇద్దరం రాంగోపాల్‌పేట్‌లో ఒకే ఆఫీసులో గుమాస్తాలం. గంటకోసారి కింద ఇరానీ హోటల్లో తేలేవాళ్లం. ఏది చెప్పినా వన్ బై టూ. ఒక చాయ్ రెండు కప్పుల్లోకి, నల్లటి నూనెలో వేగిన ఒక సమోసా రెండు ముక్కలు. సిగరెట్ ఎవరు వెలిగించినా సగమయ్యాక రెండోవాడికి అందించాలి, అది మా రివాజు. సాసర్లో ఒలికిన చాయ్‌లో సిగరెట్ పీకలు నానుతుండేవి. ఆ కంపులోనే కూర్చుని, సగమే కదా అని ఇంకోటి తెప్పించుకునేవాళ్లం. మేమిద్దరం డిగ్రీ చదివినవాళ్లమని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

నలభై మూడేళ్లకే బావ ఆఫీసు మెట్ల మీద ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. ఆస్పత్రిలో గుండెకు స్టెంటు వేశారు. ఇంటికి పంపేముందు డాక్టర్ రోజుకెన్ని సిగరెట్లని అడిగాడు.

“పూరా సిగరెట్ ఎన్నడు తాగలే సార్. సగమే, గంతే,” అన్నాడు బావ.

“మిగతా సగం ఎవరు తాగుతారు?” అంది అక్క.

“ఆఫీసుల ఎవరో ఒకరు,” అన్నాడు, నా వైపు చూడకుండా.

నేను సిగరెట్ వాసన తెలియకుండా నోట్లో సోంపు నములుతూ నిలబడ్డాను. బయటికొచ్చాక అక్క నా చెయ్యి పట్టుకుంది.

“నువ్వే ఆయన్ని కనిపెట్టుకుని ఉండాలిరా. ఇంకోసారి వస్తే బతకడన్నాడు డాక్టర్. మళ్లీ ముట్టనివ్వకు.”

అలాగేనన్నాను.

మూడు నెలలకు బావ డ్యూటీలో చేరాడు. హోటల్‌కి వచ్చినా మంచినీళ్లు తాగి కూర్చునేవాడు. నేను మాత్రం మానలేదు. ఆయన ఎదుటే వెలిగించేవాణ్ణి, అంత నీచుణ్ణి. ఒక సాయంత్రం ఏదో మాట్లాడుతూ, సిగరెట్ సగమయ్యేసరికి అలవాటుగా చెయ్యి చాచాను. బావ దానివైపు కాసేపు చూశాడు.

“జెర సగమే కదా,” అని అందుకున్నాడు.

లాక్కోవచ్చు. లాక్కోలేదు. ఆయన పీల్చినంతసేపూ చూస్తూ కూర్చున్నాను.

ఆయన్ని ఇంట్లో దింపేసరికి అక్క గుమ్మంలో నిలబడి ఉంది. బావ తల వంచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

“ఇవాళ ముట్టలేదు కదరా?” అని నన్నడిగింది.

“లేదక్కా,” అన్నాను, సోంపు నములుతూ.