మూడు పోగుల వైరు

మా లైన్‌మన్ అన్న శుక్రవారం పొద్దున పోయాడు. ఒళ్లు కాలి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. కబురు తెలిసినప్పుడు మా గల్లీ ఆటోవాళ్లం ఏడుగురం చాయ్ బండి దగ్గరే ఉన్నాం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. ఎందుకో మీకు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

లాల్‌దర్వాజాలో మా గల్లీ కరెంటు ఇరవై ఏళ్లు ఆయన చేతుల మీదే నడిచింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బండి ఆపి, తల పక్కకు వంచి, కాసేపు దాని రొద వినేవాడు. "ఇయ్యాల మంచిగనే ఉన్నది" అనో, "దీనికి కడుపునొప్పి లేసింది" అనో చెప్పి పోయేవాడు. ఎవరింట్లో చాయ్ ఇచ్చినా సాసర్‌లో పోసుకునే తాగేవాడు. ముసలమ్మలు ఫ్యాను తిరగడం లేదంటే, తన పని కాకపోయినా స్టూలెక్కేవాడు.

మేం పాత ఆటోలు అమ్మేసి కరెంటు ఆటోలు తెచ్చుకున్నాక ఆ తంటా ఆయన మెడకు చుట్టుకుంది. సాయంత్రం పత్తర్‌గట్టి బేరాలు ముగించుకొని అందరం ఒకేసారి వచ్చి, ఒకేసారి చార్జింగ్ పెట్టేవాళ్లం. ఇళ్లలో ఏసీలు, కూలర్లు తిరిగే వేళ కూడా అదే. టప్‌మని ఫ్యూజు పోయేది. జనం తిట్టింది మమ్మల్ని కాదు, ఆయన్నే.

ఒకరోజు సుద్దముక్క తెచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ పక్క గోడ మీద మా ఏడుగురి పేర్లూ, ఎవరు ఏ వేళకు చార్జింగ్ పెట్టాలో వంతులూ రాశాడు.

"పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కావాలని ఆఫీసుకు రాసిన. అది వచ్చేదాంక గిట్ల నడుపుండ్రి భాయ్. ఫ్యూజు పోతే నన్ను తిట్టుండ్రి, పర్వా లేదు. అది పోయిందంటే ట్రాన్స్‌ఫార్మర్ బతికినట్టు."

నెల రోజులు వంతులు నడిచాయి. తర్వాత ఎవరి తొందర వాళ్లది. మళ్లీ ఫ్యూజులు పోవడం మొదలైంది. ఒక సాయంత్రం ఆయన సంతోష్‌నగర్‌లో పనిలో చిక్కుకున్నాడు. నేను ఆగలేకపోయాను. ఫ్యూజు డబ్బా తెరిచి, ఒక్క పోగు వైరు ఉండాల్సిన చోట మూడు పోగులు మెలిపెట్టి కట్టాను. మిగతావాళ్లు ఫోన్ల లైటు పట్టారు. పెద్ద మొనగాణ్ణనుకున్నాను, సిగ్గులేక.

రెండు వారాలు ఫ్యూజు పోనేలేదు. అన్నకు అనుమానమొచ్చింది.

"ఏందిరా, లొల్లే లేదు? డబ్బా గిట్ల ముట్టుకున్నరా?"

"లేదన్నా. వంతుల్లనే పెడుతున్నం గదా" అన్నాను.

ఆయన మొహం విప్పారింది. "శభాష్! అక్కల్ వచ్చిందిరా మీకు" అని అందరికీ చాయ్ తాగించాడు. డబ్బా తెరిచి చూడలేదు. నా మాట నమ్మాడు.

ఫ్యూజు పోకపోయేసరికి ట్రాన్స్‌ఫార్మర్ రోజూ లోలోపల ఉడికింది. ఆ సోమవారం సాయంత్రం పొగ లేచింది. అన్న పరుగున వచ్చి డబ్బా తెరిచాడు. వైరు చూశాడు. నన్ను చూశాడు. "దూరం పోండ్రి! పిల్లల్ని లోపటికి తీస్కపోండ్రి!" అని అరిచి, సరఫరా ఆపడానికి స్విచ్ మీద చెయ్యి వేశాడు. అప్పుడే ట్రాన్స్‌ఫార్మర్ పగిలి, మండుతున్న నూనె ఆయన మీద పడింది.

ఆసుపత్రిలో నాతో ఒక్కసారే మాట్లాడాడు.

"మందం వైరు నేనే కట్టిన అంటున్నరు ఆఫీసోళ్లు. నువ్వు పోయి నిజం చెప్తవా?"

"చెప్తనన్నా. రేపే పోత."

"అయితె నాకు ఫికర్ లేదు" అన్నాడు.

మర్నాడు నేను వెళ్లలేదు. ఆ తర్వాతా వెళ్లలేదు. కేసవుతుందని, ఆటో పోతుందని భయం. చేయని తప్పు నెత్తిన పెట్టుకునే అన్న పోయాడు.

నిన్న ఆఫీసుకెళ్లి అంతా రాసిచ్చాను. అన్న ఇంటికీ వెళ్లి చెప్పాను. వదిన అంతా విని, "ఆయన రోజూ నువ్వొచ్చినవా అని అడిగిండు" అంది. తలుపు వేసుకుంది.

ఆయన అడిగిన పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. ఇప్పుడు ఏడు ఆటోలూ ఒకేసారి పెట్టినా ఏమీ కాదట. అయినా అందరం వంతు ప్రకారమే పెడుతున్నాం. గోడ పొగచూరినా సుద్దరాత కనబడుతోంది. మూడో పేరు నాది. నా వంతు రాగానే ప్లగ్గు చేత్తో పట్టుకొని, ఆయనలాగే ట్రాన్స్‌ఫార్మర్ వైపు తల పక్కకు వంచి వింటాను. కొత్తది కదా, ఏ చప్పుడూ చేయదు.