బండెక్కిన గొర్రెపిల్ల

మా పాపకు మూడేళ్లు. తల్లి పోయినప్పటి నుంచి బయట ఎక్కడా తోపుడు బండి దిగి అడుగు వేయదు. ఆ పిల్లల బండి మా ఆవిడ కొన్నదే. పోయిన ఆదివారం వనపర్తి దగ్గర ఒక గుట్ట ఎక్కబోతే రాళ్లలో చక్రాలు ఇరుక్కున్నాయి. అందుకే ఈ రోజు బీచుపల్లి దగ్గర, ట్రాక్టర్లు తిరిగే మట్టిదారి ఉన్న గుట్టను చూసుకున్నాను. పైనుంచి కృష్ణ కనిపిస్తుంది.

సగం దారిలో గొర్లను పైకి తోలుకుపోతున్న ఒక తాత కలిశాడు. చంకలో పొద్దున పుట్టిన గొర్రెపిల్ల ఉంది.

"ఏమమ్ముతున్నవ్ సారూ, గీ బండిల?"

"అమ్మేదేం లేదు తాతా. పాప నడవదు."

"ఎందుకు నడవది? కాళ్లు మంచిగనే ఉన్నయ్ గద. నా గొర్రెపిల్లకే ఇంక నిలుస్తలేవు."

పాప గొర్రెపిల్లను చాలాసేపు చూసింది. తర్వాత తనే బండి దిగి, "దీన్ల కూసోబెట్టు తాతా" అంది.

తాత గొంగడి మడిచి పరిచి, దాన్ని పడుకోబెట్టాడు. "పిల్ల ముందు పోతే తల్లి ఎన్కనే వస్తది. నువ్వు తొయ్యి సారూ" అన్నాడు. అలాగే తల్లి గొర్రె అరుస్తూ వచ్చింది, దాని వెనక మంద మొత్తం వచ్చింది. పాప బండి మీద ఒక చెయ్యి వేసి, కృష్ణ కనిపించేదాకా నడిచింది.

ఇప్పుడు బండి నిండా గొర్రె వాసన. మా ఆవిడ ఉంటే ముందు నన్ను తిట్టి, తర్వాత నవ్వేది. నాకైతే కడగాలనిపించడం లేదు. మీరైతే కడుగుతారా?