స్కోరు బల్ల దగ్గర వియ్యపురాలు

జూలై రెండో శనివారం, సాయంత్రం నాలుగూ ఇరవైకి మా మనవరాలు నన్ను ఐస్ రింక్ నుంచి బయటికి పంపేసింది. తప్పు నాదే. కడుపుమంట మాత్రం రెండేళ్ల నాటిది.

పిల్ల పన్నెండేళ్లు ఐస్ హాకీ ఆడింది. అమ్మా నాన్నా ఇద్దరూ హాస్పిటల్ డ్యూటీల్లో ఉండేవారు కాబట్టి ఈ పరాయి దేశంలో మా పేట రిక్కార్టన్‌లో బస్సెక్కించి ప్రాక్టీసుకు తీసుకెళ్లింది నేను. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే దాని స్కేట్ల లేసులు బిగించింది నేను. మోకాలు రెండోసారి మెలిపడి, ఇక ఆడొద్దని డాక్టరు చెప్పిన రోజు, ఏడుస్తున్న దానికి అన్నం కలిపి పెట్టిందీ నేనే. తర్వాత అది విజిల్ పట్టుకుని రిఫరీ అయింది. సరిగ్గా అప్పుడే మా వియ్యపురాలు, అంటే కోడలి తల్లి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై ఇక్కడ దిగింది. ఇంగ్లీషు వచ్చు కదా, నెల తిరక్కుండా స్కోరు రాయడానికి కూర్చోబెట్టారు.

అక్కడే నాకు మండేది. ఎవరైనా తప్పు ఆడితే రిఫరీ విజిల్ ఊది, జారుకుంటూ నేరుగా స్కోరు బల్ల దగ్గరికి వెళ్లి, ఎవరు ఏం చేశారో చేతులతో చూపించి చెప్పాలి. ఆవిడ తలూపి రాసుకుంటుంది. ఆటంతా నా మనవరాలు ఆవిడ దగ్గరికే వెళుతుంది. నేను పై బెంచీ మీద శాలువా కప్పుకుని, గారెల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను.

ఆ శనివారం ఆడుతున్నది పిల్ల పాత టీమే. దాని కెప్టెన్ కివీ పిల్ల, అంటే ఈ దేశం అమ్మాయే. నా చేతి గారెలు ఎన్ని తిన్నదో. ఆ అమ్మాయి కర్ర అడ్డుపడి అవతలి టీము పిల్ల పడింది. విజిల్ ఊదింది రెండో రిఫరీ కాదు, మా మనవరాలే. కెప్టెన్‌ను రెండు నిమిషాలు బయట కూర్చోమంది. ఆ సంగతి చెప్పడానికి బల్ల దగ్గరికి వెళ్లింది. వియ్యపురాలు ఏదో అంది, ఇది నవ్వింది.

ఆ నవ్వు చూసి ఆగలేకపోయాను. మెట్లు దిగి రింక్ చుట్టూ ఉండే అద్దాన్ని స్టీలు డబ్బాతో బాదాను.

"మనింట్లో తిన్న పిల్లనే కూర్చోబెడతావా? ఆవిడ చెప్పిందా నీకు?"

ఆట ఆగింది. పిల్ల అద్దం దగ్గరికి వచ్చింది.

"నానమ్మా, ఔట్."

"నన్నా?"

"యెస్, నిన్నే. ప్లీజ్, వెళ్లు."

వియ్యపురాలు లేచి, "పోనీలే అమ్మా, పెద్దావిడ," అంది.

"మీ సిఫారసు నాకక్కర్లేదు వదినగారూ!" అనేసి బయటికి నడిచాను.

ఆట అయ్యాక పిల్ల కాగితం పట్టుకుని కారు దగ్గరికి వచ్చింది. చూసేవాళ్లను పంపేస్తే రిఫరీ రిపోర్టు ఇవ్వాలట; నేనేమన్నానో అందులో ఉండాలట.

"నేను ఇంగ్లీషులో రాసిపెడతానమ్మా," అంటూ వియ్యపురాలు పెన్ను తీసింది.

"నో అమ్మమ్మా. నానమ్మ వర్డ్స్, నానమ్మే రాయాలి. తెలుగులో రాయి నానమ్మా. చదువు, నేను ఇంగ్లీష్‌లో పెడతా."

అరవై దాటాక అక్షరాలు దిద్దిన చెయ్యి నాది. కాగితం బానెట్ మీద పెట్టి రాశాను. అన్న మాట ఒక్కటీ మార్చలేదు. చదువుతుంటే పిల్ల నా భుజం మీద గడ్డం ఆనించి వింది. వియ్యపురాలు అటు తిరిగి నిలబడింది. అది నాకు బాగుంది, దాచను.

"ఎవరెవరున్నారో కూడా రాయి," అంది పిల్ల.

రాశాను. రిఫరీ, మా మనవరాలు. రెండో రిఫరీ. బయట కూర్చున్న కెప్టెన్. కింద పడ్డ అమ్మాయి. రెండు టీముల ఆడపిల్లలు. మంచు సాపుచేసే బండి నడిపే ఆయన. డబ్బాతో బాదిన నానమ్మ. అందరికన్నా కింద, స్కోరు రాసిన అమ్మమ్మ.