పెద్దమ్మ పేనని తాడు

ఆరోగ్య బీమా కార్డు మారిందన్న కబురు మా గడపకు మొదట తెచ్చింది మా ఊరి మితానిన్. బస్తరులో ఊరి ఆరోగ్యం చూసుకునే ఆడమనిషిని అలా పిలుస్తారు. “ఇదివరకు లెక్క ఇంటికొక కార్డు చాలదు అమ్మమ్మా, మనిషికొకటి కావాలె. డెబ్బై దాటినోళ్ళకు వేరే ఉన్నది. పైసా కట్టేది లేదు, శిబిర్‌కొచ్చి వేలిముద్ర పెడితే అయిపాయె” అంది. ఆ పిల్ల చల్లగా ఉండాలి, నా కార్డు నా చేతికొచ్చింది. ఊళ్ళోవాళ్ళను కదిలించబోయేసరికే మా ఇద్దరి ప్రాణం విసిగిపోయింది.

ఒకాయన ఎప్పుడో చెల్లకుండా పోయిన పాత కార్డు తెచ్చి, ఇది చాలదా అని పోట్లాడతాడు. ఒకామె ఇప్పపూలు ఏరుకునే రోజులు, తీరిక లేదంటుంది. ఇంకొకరు, అవసరం పడితే ఆస్పత్రిలోనే చేయించుకుంటాం లెమ్మంటారు. అక్కడ వేలిముద్ర పడకపోతే, రేషన్ కార్డులో పేరు లేకపోతే, ఆ గండం వేళ ఎవరు పరుగెత్తాలి? అన్నిటికన్నా నన్ను మండించింది మా వీధి చివరింటి కోడలి మాట. “నిమ్మళంగున్న ఇంట్ల జబ్బు కార్డేంది అమ్మమ్మా? జబ్బును పిలిచి పీటేసినట్టు!” ఆ మాట నేను ఇదివరకే ఒకసారి విన్నాను.

నా చిన్నప్పుడు మా ఊరికి రోడ్డు లేదు. వానలు పడ్డాయంటే జబ్బుమనిషిని మంచం మీద మోసుకుని వాగు దాటించి, జీపు దొరికే చోటికి చేర్చాల్సిందే. అందుకని ఎండాకాలంలోనే ఇంటికింత అడ్డనార తాడు పేని మా తాతయ్యకు ఇవ్వడం ఊరి కట్టుబాటు. అడ్డాకు తీగ బెరడును నానబెట్టి, దంచి, ఆరబెట్టి పేనాలి. వానల్లో ఆ పని సాగదు. తాతయ్య ఆ తాళ్ళన్నీ కలిపి ఊరి మంచం అల్లి మా చూరు కింద నిలబెట్టేవాడు. తాడిచ్చినవాళ్ళలో చాలామందికి ఆ ఏడు దానిమీద పడుకునే అవసరమే వచ్చేది కాదు. దేవుడి దయ అనుకుని, మళ్ళీ ఏడు మళ్ళీ పేనేవారు.

ఒక్క ఏడు మాత్రం పక్కింటి పెద్దమ్మ ఇవ్వనంది.

“మామా, మా ఇంట్ల అందరు గుండ్రాళ్ళ లెక్క ఉన్నరు. తాడు పేని జబ్బుకు తొవ్వ జూపాల్నా?”

“నీ కోసం ఎవలు పేనుమన్నరే? జబ్బు లేనోళ్ళు పేనితేనే జబ్బున్నోళ్ళకు మంచం.”

“అయితే ఉన్నోళ్ళనే పేనుకోమను.”

తాతయ్య శాంతమూర్తే గాని ఆ వేళ ఆయనకూ ఒళ్ళు మండింది. నడుము ఆనే చోట పెద్దమ్మ వంతు జాగా ఖాళీగా వదిలేసి మంచం అల్లాడు. ఊరందరినీ పిలిచి, నన్ను ఎత్తి సరిగ్గా ఆ ఖాళీలో కూర్చోబెట్టాడు. నేను చంకల దాకా దిగబడి, కాళ్ళు కింద వేలాడుతుంటే అందరూ పగలబడి నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది. “పిట్టంత పిల్లనే ఆపలేని మంచం, నాకెందుకు మామా!” అని లోపలికి పోయింది. “అట్లనే ఉండనీ” అన్నాడు తాతయ్య. మంచం అలాగే ఉండిపోయింది.

ఆ వానల్లోనే పెద్దమ్మ కూతురు తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. రోజూ నాకు జడ వేసి, తన తలలోని పువ్వు తీసి నా తలలో పెట్టే అక్క. నొప్పులు మొదలై తెల్లారినా బిడ్డ రాలేదు. తన వల్ల కాదు, ఆస్పత్రికి తీసుకుపొమ్మంది మంత్రసాని. పెద్దమ్మ పచ్చి బెరడు పట్టుకుని మా వాకిట్లోకి పరుగెత్తుకొచ్చి, వానలోనే పేనడం మొదలుపెట్టింది. పేనిన కొద్దీ విడిపోయింది. ఊళ్ళో ఎవరింట్లోనూ ఎండునార మిగల్లేదు. తాతయ్య దుప్పటి కడితే అది తడిసి, బరువుకు జారింది. అక్క కేకలు పెడుతోంది, ఇంకా ఆగడానికి లేదు.

నలుగురు మగవాళ్ళు మంచాన్ని భుజాలకెత్తుకున్నారు. పెద్దమ్మ దాని కిందికి దూరి, రెండు అరచేతులూ పైకెత్తి, ఆ ఖాళీ దగ్గర కూతురి నడుముకు ఆనించింది. అలాగే నడిచింది. వాగులో నీళ్ళు గుండెల దాకా వచ్చినా చేతులు దించలేదు. ఆమె తడబడిన చోటల్లా ఆ నలుగురూ ఆగాల్సి వచ్చింది. నేను ఇవతలి గట్టున నిలబడి, వాళ్ళు చెట్ల వెనక్కి పోయేదాకా చూశాను.

అక్కను దేవుడు మిగిల్చాడు. బిడ్డను తీసుకున్నాడు. ఆలస్యం వల్లో, అలా రాసిపెట్టి ఉందో నాకు తెలియదు.

“ఆ మొండిదానికి బుద్ధి జెప్పబోయి పిల్ల నడుము కింద గుంత తీసిన్నే” అని తాతయ్య మా నానమ్మ దగ్గర కుమిలిపోయాడు. ఆ తర్వాత ఏ ఏడూ మంచంలో ఖాళీ వదల్లేదు. ఎవరైనా తాడివ్వకపోతే వాళ్ళ గడప ముందు కూర్చుని, తిట్టి, బతిమాలి, మళ్ళీ తిట్టి ఇప్పించుకునేవాడు. అప్పటికీ రాకపోతే తిట్లు వాళ్ళకిచ్చి, తాడు తనే పేనేవాడు. ఆ మరుసటి ఎండాకాలంలో అందరికన్నా ముందు తాడు తెచ్చింది మాత్రం పెద్దమ్మే. తెచ్చి, తాతయ్య ముందు పెట్టిపోయింది.

ఇప్పుడు రోడ్డుంది, బండి వస్తుంది. వాగు ఎండిపోలేదు, ఖర్చు రూపంలో అది ఆస్పత్రి గుమ్మం దగ్గరికి జరిగిందంతే. కార్డు ఆ మంచం లాంటిదే. సర్కారు సొమ్మంటే మనందరి వంతూ కలిసినదే గదా. తాడు పేనే పని కూడా లేదు. మన జాగాలో మన పేరు ఎక్కించుకోవడమొక్కటే మిగిలింది, అదీ ఒంట్లో బాగున్న రోజునే. ఇంత చిన్న పనికి ఇన్నిసార్లు చెప్పించుకుంటారేమిటి తల్లీ అని నాకు రోజూ విసుగే. అయినా రేపు మళ్ళీ ఆ చివరింటికి పోతాను. నన్ను చూసి ఆ కోడలు తలుపు చాటుకు పోతుంది. పోనీ. నేను అరుగు మీద కూర్చుంటాను, లేవను.

బడి లేని ఊళ్ళో అమ్మ ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన పుణ్యాన ఈ నాలుగు ముక్కలు రాయగలిగాను. చదివినవారిని ఒకటే అడుగుతున్నాను. ‘మాకేం జబ్బు’ అనే మాట నోటిదాకా వచ్చినప్పుడు, వానలో, తల్లి అరచేతుల మీద వాగు దాటిన మా అక్కను ఒక్కసారి తలుచుకోండి.