కొవ్వొత్తుల మీద అమ్మ పంతం

మా చిన్నప్పుడు... మియాపూర్‌లో మేము కిరాయికి ఉన్న ఇంట్లో, స్టవ్వు మీద ఒక పాత తపేలా. అందులో అన్నం ఉడికేది కాదు, పప్పు ఉడికేది కాదు. నీళ్లు మరిగేవి... ఆ నీళ్లలో ఒక చిన్న గిన్నె, గిన్నెలో కరుగుతున్న మైనం. దాని ముందు మా అమ్మ... మొహం నిండా చెమట, మొహం నిండా సంతోషం.

అమ్మకు కొవ్వొత్తులు చేయడం ఇష్టం. వ్యాపారం కోసం కాదు... ఊరికే, ఇష్టం. ఈ మాట మా ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు.

నాన్న బస్ డిపోలో మెకానిక్. చెడ్డవాడు కాదు... జీతం చేతికి రాకముందే దేనికెంతో పంచేసుకునే మనిషి. "నీ మైనం గియినం నాకెర్క లేదు. ఇంటి పైసలు మాత్రం ముట్టకు" అన్నాడు. "ముట్టను తీ" అంది అమ్మ.

అంతే... ఆ రోజు నుంచి పక్కింటి దర్జీ దగ్గర జాకెట్లకు హుక్కులు కుట్టడం మొదలుపెట్టింది. ఆ డబ్బుతోనే మైనం. కిరాణా కొట్టులో విరిగిన కొవ్వొత్తులుంటే బేరమాడి సగం ధరకు తెచ్చి కరిగించేది. అచ్చులు కొనే ప్రసక్తే లేదు. అప్పుడు హైటెక్ సిటీ వైపు కొత్త బిల్డింగులు లేస్తున్నాయి... ప్లంబర్లు పారేసిన పైపు ముక్కలు అడిగి తెచ్చి, నిలువునా కోసి, సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి, లోపల కొబ్బరినూనె రాసేది. మైనం గట్టిపడ్డాక ట్యూబు విప్పితే కొవ్వొత్తి సాఫీగా ఊడి వచ్చేది. నేను చప్పట్లు కొట్టేదాన్ని.

ఇక వత్తి... అక్కడే దెబ్బతిన్నాం. దారానికి ఖర్చెందుకని, దేవుడి గూట్లోంచి నానమ్మ చేసి పెట్టుకున్న దూది వత్తులు తీసింది అమ్మ. నాలుగైదు కలిపి పొడుగ్గా పేనింది. నూనెలో గంటలు గంటలు వెలిగేవి మైనంలో వెలగవా అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ సాయంత్రం మా మేనత్త వచ్చింది. అందరం కూర్చుని ఉండగా కరెంటు పోయింది. అమ్మ గర్వంగా తన కొవ్వొత్తి తెచ్చి మధ్యలో వెలిగించింది. చిటపట... పొగ... నిమిషం తిరక్కుండానే వత్తి వాలిపోయి మైనంలో మునిగి ఆరిపోయింది. మళ్లీ వెలిగించింది... మళ్లీ ఆరింది. చీకట్లో మేనత్త నవ్వు వినిపించింది.

నానమ్మ నవ్వలేదు. "దీపం కొండెక్కింది... ఇంటికి ఆడబిడ్డ వచ్చిన యాళ్ల! దేవుని వత్తులు తీస్తే గిట్లనే అయితది. ఇగ బంద్ చెయ్, సరోజా. ఆ తపేలా పొద్దుగాల పాత సామాన్ల వానికి ఏసేస్త."

నానమ్మ మాటకు నాన్న ఎదురు చెప్పడు. నాకు ఏడుపొచ్చింది. తపేలా పోతే అమ్మ మొహంలో ఆ సంతోషం ఇక కనబడదేమోనని భయం వేసింది.

అమ్మ మాత్రం, అత్తగారి ముందు మొదటిసారి, గొంతు పెంచింది. "దేవుని వత్తులు తీసుడు నా తప్పే అత్తమ్మా. దేవునికి మొక్కి చెప్పుకుంట. గానీ ఆ తపేలా ఎవ్వలు ముట్టొద్దు."

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని జీడిమెట్ల బస్సెక్కింది. అక్కడ రేకుల షెడ్డులో కొవ్వొత్తులు చేసే ఒక ముసలాయన ఉన్నాడని ఎవరో చెప్పారట. ఆరిపోయిన కొవ్వొత్తిని సంచిలోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన వత్తిని గోటితో గీకి చూశాడు.

"దూదా! కరిగిన మైనంల గిది నిలవడదమ్మా... వాలి మునుగుతది. నూలు దారాలు మూడు తీస్కొని జడ లెక్క అల్లు, గట్టిగ. మైనంల ముంచి ఆరబెట్టి అప్పుడు వాడు."

వస్తూ వస్తూ విరిగిన మైనం పెళ్లలు కూడా ఆయన దగ్గరే చవగ్గా కొన్నాం. ఆ వారం అమ్మ నా జడకన్నా దారాల జడలే ఎక్కువ వేసింది. సన్నవి, లావువి, అన్నీ వెలిగించి చూసి, ఏ పైపుకు ఏ వత్తో తేల్చుకుంది.

మళ్లీ కరెంటు పోయిన సాయంత్రం... నానమ్మ అప్పుడే అన్నానికి కూర్చుంది. అమ్మ ఎవరినీ అడగలేదు. కంచం పక్కన కొవ్వొత్తి పెట్టి వెలిగించింది. నేను వత్తి వైపే చూస్తున్నాను. నానమ్మ పప్పు కలుపుకుంది... చారు కలుపుకుంది... పెరుగు కలుపుకుంది... మంట కదలకుండా నిలబడింది. చెయ్యి కడుక్కుని తన గదిలోకి వెళ్తూ "నా అర్రల సుత ఒకటి పెట్టు" అంది. తపేలా మాట ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు నాకు హైటెక్ సిటీలో ఉద్యోగం, గోపన్‌పల్లిలో ఫ్లాటు. కరెంటు పోయిన సంగతే తెలియదు. మైనం, వత్తులు, అచ్చులు, అత్తర్లు... ఫోన్‌లో నొక్కితే గుమ్మం ముందుకొస్తాయి. అయినా నేను బేగంబజార్ వెళ్లి మైనం కిలోల్లెక్కన తెచ్చుకుంటాను, చెవి విరిగిన కప్పుల్లో పోసుకుంటాను. ఆదివారాలు నావి, ఖర్చు నాది.

మొన్న ఆఫీసులో మాధవి గారు నేనిచ్చిన కొవ్వొత్తిని తిప్పి తిప్పి చూసి, "ఇంత బాగా చేస్తున్నారు కదండీ, ఆన్‌లైన్‌లో పెట్టేయొచ్చుగా? ఒక్కోదానికి ఎంత మిగులుతుందంటారు?" అన్నారు.

"ఏమీ మిగలదండీ. మిగలాలని చెయ్యట్లేదు" అన్నాను. పాపం, నేను దిగులుపడుతున్నాననుకుని ధైర్యం చెప్పబోయారు.

ఆ రోజుల్లో మన ఇళ్లల్లో వద్దనేవాళ్లు... ఎదిరిస్తే సరిపోయేది. ఇప్పుడు ఎవరూ వద్దనరు, అందరూ మెచ్చుకుంటారు, మెచ్చుకుని ధర అడుగుతారు. ఇష్టాన్ని ఇష్టంగా ఉండనివ్వడమే మర్చిపోయాం. అందుకే చెబుతున్నాను... ఒక్క కొవ్వొత్తి కూడా అమ్మేది లేదు.

మీ ఇంట్లోనూ పైసా రాని పనిని పంతం పట్టి చేసినవాళ్లు ఉండే ఉంటారు... అమ్మో, పిన్నో, తాతయ్యో. వాళ్లేం చేసేవారో కింద రాయండి. ఎంత మిగిలిందని ఇక్కడ ఎవరూ అడగరు.