సప్పుడు బంద్

సదానందం ముప్పయ్యేళ్లు బొగ్గుబాయిలో పైకప్పును కర్రతో కొట్టి, చెవితో పరీక్షించాడు. ఖంగుమంటే దాని కింద పని, డొల్లగా పలికితే అందరూ బయటికి. కంటికి గట్టిగా కనబడే కప్పునే ఎక్కువ అనుమానించేవాడు. రిటైరయ్యాక పుచ్చకాయను, గోడను, మనుషుల మాటలను కూడా అలాగే తట్టి చూస్తున్నాడు.

ఒకనాడు కూతురు మమత ఫోను తెచ్చింది. పట్నంవాళ్లెవరో వచ్చి వీళ్ల కాలనీని తీసిన వీడియో. అందులో అతని భార్య పూలమ్మ క్వార్టర్ గడపలో కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. వెనక వేణువు ఏడుస్తోంది.

"సూసినోళ్లంత అయ్యో పాపమంటున్నరు బాపూ" అంది మమత.

"ఏంది పాపం? సప్పుడు బంద్ చెయ్యి."

వేణువు ఆగగానే గుర్తొచ్చింది. ఆ రోజు కెమెరా ముందుకు తను చొక్కా తిరగేసి తొడుక్కొస్తే పూలమ్మ పగలబడి నవ్విన నవ్వది!

"దొంగ నా కొడుకులు" అని తిట్టి, మళ్లీ సప్పుడు పెట్టించాడు. అంతా తెలిసి కూడా అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

అది చూసి, వాకిట్లో నిలబడ్డ పూలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదిరాయి. నలభయ్యేళ్ల కాపురంలో మొదటిసారి, ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో సదానందానికి తెలియలేదు.